సీడీబీజీ నిధులు: నగరం నేరుగా తీసుకోవాలా, కౌంటీతో కలిసి ఉండాలా?

మీ నగర జనాభా 50,000 దాటిందనీ, సీడీబీజీ (కమ్యూనిటీ డెవలప్‌మెంట్ బ్లాక్ గ్రాంట్, అంటే ముఖ్యంగా తక్కువ ఆదాయ కుటుంబాలకు మేలు చేసే పనులకు అమెరికా ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే నిధి) గ్రాంటును ఇకపై ఫెడరల్ ప్రభుత్వం నుంచి నేరుగా తీసుకోవాలా లేక కౌంటీతోనే (జిల్లా వంటి పాలనా విభాగంతోనే) కలిసి ఉండాలా అన్నది సిటీ కౌన్సిల్ తేల్చబోతోందనీ, ఆ సమావేశంలో ఏం మాట్లాడితే బాగుంటుందో చెప్పమనీ అడిగారు. కలిసి ఉండమనే నేను చెబుతాను. అయితే మీ వాటాను దేనికి ఖర్చు పెట్టాలో నిర్ణయించే హక్కు మీ నగరానికే ఉంటుందని ఒప్పందంలో రాయించుకున్న తరువాతే సంతకం చేయమని కౌన్సిల్‌ను కోరండి. నేను రెండు పద్ధతులనూ దగ్గరగా చూశాను, కాబట్టి ఈ మాట గట్టిగానే చెప్పగలను.

సియాటిల్ వైపు రాకముందు మేమున్న నగరం ఈ గ్రాంటును నేరుగా తీసుకునేది. అక్కడి పౌర సలహా సంఘంలో నేను సభ్యుణ్ణి. దరఖాస్తులు పిలవడం, పర్యావరణ సమీక్ష పూర్తి చేయడం, 2,000 డాలర్లు దాటిన నిర్మాణపు పనుల్లో కూలీలకు డేవిస్-బేకన్ చట్టం ప్రకారం వేతనాలు అందుతున్నాయో లేదో వారం వారం జీతాల పట్టీలు చూడడం, ఇవన్నీ ఒక్క ఉద్యోగిని మీదే పడేవి. ఆమె ఉద్యోగం మానేశాక ఆ కుర్చీ చాలా నెలలు ఖాళీగా ఉండిపోయింది. గ్రంథాలయం దగ్గరి కూడలిలో చక్రాల కుర్చీ ఎక్కి దిగేందుకు కాలిబాట అంచును వాలుగా మార్చే పని మంజూరైంది. తవ్వాల్సిన చోట తెల్లరంగుతో గీసిన గీతలు రెండు చలికాలాల మంచుకు చెరిగిపోయాయి కానీ పలుగు మాత్రం నేలను తాకలేదు. గ్రంథాలయానికి చక్రాల కుర్చీలో వచ్చే ఒక పెద్దాయన ఆ రెండేళ్లూ కార్లు బయటికి వచ్చే దారిలోనుంచే, కార్లకు ఎదురుగా లోపలికి వెళ్లేవారు. అది గుర్తొస్తే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. డబ్బు లేక ఆగిన పని కాదది. పైగా, కార్యక్రమ సంవత్సరం ముగియడానికి 60 రోజుల ముందు లెక్క చూసినప్పుడు ఖర్చు కాని సొమ్ము ఏడాది గ్రాంటుకు ఒకటిన్నర రెట్లు మించకూడదని, ఈ గ్రాంటు ఇచ్చే ఫెడరల్ గృహనిర్మాణ, పట్టణాభివృద్ధి శాఖ (హడ్) నిబంధన ఉంది. ఇలా పనులు నిలిచిపోతే ఆ చిక్కు కూడా వచ్చి పడుతుంది.

ఇప్పుడు మేముంటున్న, సియాటిల్ నగరం ఉన్న కింగ్ కౌంటీలో పద్ధతి వేరు. రెడ్‌మండ్, కర్క్‌లాండ్, రెంటన్, షోర్‌లైన్ వంటి నగరాలు 50,000 దాటినా కౌంటీతో ఉమ్మడి ఒప్పందం చేసుకున్నాయి. ఇలా కలిసినందువల్ల నగరానికి సొమ్ము తగ్గదు. నగరం పేరున సూత్రం ప్రకారం లెక్కకట్టిన మొత్తం కౌంటీ గ్రాంటుకు కలుస్తుంది, హడ్‌కు జవాబుదారీ కౌంటీ అవుతుంది. అలాంటి నగరం తన వాటాను ఏయే పనులకు ఇవ్వాలో తానే నిర్ణయించుకుంటుంది. చిన్న నగరాల వాటాలు ఉమ్మడి నిధిలోకి వెళతాయి, వాటి పంపకంపై కౌంటీ, నగరాల ప్రతినిధులున్న ఉమ్మడి సిఫార్సుల సంఘం సలహా ఇస్తుంది.

దీని ఫలం మా వీధికి దగ్గర్లోనే చూశాను. మొబైల్ హోమ్‌లో (ఫ్యాక్టరీలో తయారుచేసి తెచ్చి నిలిపే ఇంట్లో) ఒంటరిగా ఉండే ఒక వృద్ధురాలి ఇంటి కప్పు కారుతుంటే, నీలి పట్టా కప్పి, అది గాలికి లేవకుండా నాలుగు మూలలా ఇటుకలు పెట్టుకున్నారు. కౌంటీ గృహ మరమ్మతు విభాగానికి ఆమెతో కలిసి నేనే దరఖాస్తు నింపాను. మరుసటి వానాకాలానికి ఆ పట్టా అవసరం లేకపోయింది. అలాంటి విభాగాన్ని ఒక్క నగరం సొంతంగా నడపడం చాలా కష్టం.

ఇక ఒప్పందంలో చూడవలసినవి చెబుతాను. పరిపాలన, ప్రణాళికల ఖర్చుకు గ్రాంటులో 20 శాతం వరకు వాడుకోవచ్చు. అందులో కౌంటీ ఎంత ఉంచుకుంటుందో, మీ నగర సిబ్బందికి ఎంత వస్తుందో అంకెలతో రాసి ఉండాలి. ఆహార పంపిణీ, పిల్లల సంరక్షణ వంటి ప్రజాసేవలకు పెట్టిన 15 శాతం పరిమితిని కలిపిన మొత్తం గ్రాంటు మీద లెక్కిస్తారు కాబట్టి, మీ భాగం ఎంతో ముందే తేల్చుకోకపోతే ఇతరులు దాన్ని వాడేసుకునే ప్రమాదం ఉంది. మా దగ్గర ఎక్కువ వాదన జరిగింది దీని మీదే, అలా జరగడం న్యాయమే అనుకుంటాను. గ్రాంటులో కనీసం 70 శాతం, ప్రాంతపు మధ్యస్థ ఆదాయంలో 80 శాతం దాటని కుటుంబాలకు మేలు చేయాలన్న నియమం ఎలా కలిసినా మారదు.

గడువు సంగతి కూడా మరవకండి. ఈ గ్రాంటు పొందడానికి కౌంటీకి ఉన్న అర్హత మూడేళ్లకోసారి నిర్ణయమవుతుంది. కౌంటీ ఆ అర్హత కోరే సమయంలోనే నగరం, కౌంటీ కలిసి చేసే ఉమ్మడి అభ్యర్థనను పరిశీలిస్తారు, ఒకసారి చేరాక ఆ మూడేళ్లూ మధ్యలో బయటికి రావడం కుదరదు. అందువల్ల సమావేశానికి వెళ్లే ముందే మీ కౌంటీకి తరువాతి అర్హతా సంవత్సరం ఏదో సిటీ క్లర్క్‌ను అడిగి, ఒప్పందం ముసాయిదా ప్రతిని తీసుకోండి. బహిరంగ విచారణలు కౌంటీ కేంద్రంలోనే కాక మీ నగరంలోనూ, పనుల నుంచి జనం ఇళ్లకు చేరిన తరువాత సాయంత్రం వేళ జరగాలన్న వాక్యం అందులో లేకపోతే చేర్చమని అడగండి. మేం అడిగితే మా ఒప్పందంలో చేర్చారు.