బుజ్జమ్మకి, మాంబళం నుంచి అత్తయ్య

బుజ్జమ్మా,

నీ మెసేజ్ రాత్రి పదకొండింటికి చూశాను. అప్పుడే ఏదో టైప్ చేసి తుడిపేశాను, రెండు ముక్కల్లో తేలే సంగతి కాదిది. "అత్తయ్యా, మీకు దేవుడి మీద నమ్మకం మళ్లీ ఎలా వచ్చింది?" అని అడిగావు. పూర్తిగా వచ్చేసిందని నీకెవరు చెప్పారే? కొన్నాళ్లు ఉంటుంది, కొన్నాళ్లు ఉండదు. ఉన్న రోజున దీపం పెడతాను, లేని రోజున కూడా పెడతాను, అంతే తేడా.

ఏడాది తిరక్కుండా మొగుణ్ణీ అమ్మనీ పోగొట్టుకున్నదానివి. మీ అమ్మ నాకు వదినే అయినా ఆ బాధ నాది నాదే, నీది నీదే, నాకు తెలుసులే అని అనను. నాకు తెలిసిందల్లా నాది. 2015 డిసెంబరులో వరదనీళ్లు ఇంకా సందుల్లోంచి పూర్తిగా దిగకముందే మీ మామయ్య గుండెపోటుతో పోయారు. 2021 మేలో కరోనాతో మీ బావ పోయాడు. మామయ్యనైనా ఇంటికి తెచ్చుకున్నాం, వాణ్ణి మాత్రం కవరులో చుట్టి దూరం నుంచి చూపించారు, అది వాడేనా అని నాకిప్పటికీ ఒక్కోసారి అనుమానం వస్తుంది. ఆ తర్వాత పద్నాలుగు నెలలు దేవుడి గూడు తలుపు తీయలేదు నేను. పండక్కి కూడా.

ఆ పద్నాలుగు నెలల్లో ఎంతమంది ఎన్ని చెప్పారో. మంచివాళ్లని తొందరగా తీసుకెళ్లిపోతాడట, రాసిపెట్టి ఉందట, పూర్వజన్మ కర్మట. నీకూ చెప్తూనే ఉంటారు. వాళ్లతో వాదించకు, కాఫీ ఇచ్చి పంపించు. వాళ్లకీ ఏమనాలో తెలియక అంటారు పాపం. కానీ జాతకంలో దోషం ఉంది, శాంతి చేయించాలి అంటూ లెక్క చెప్పేవాళ్లొస్తే మాత్రం కాఫీ కూడా ఇవ్వకు.

ఇంకో మాట. దుఃఖానికి ఐదు దశలుంటాయట, నేనింకా కోపం దగ్గరే ఆగిపోయాను అని రాశావు. ఆ ఐదు దశలూ 1969లో ఒక డాక్టరమ్మ రాసినవి, అదీ చావుకి దగ్గరపడ్డ రోగులతో మాట్లాడి రాసింది. వెనక మిగిలిపోయిన మనలాంటివాళ్ల కోసం వేసిన టైంటేబుల్ కాదది. నువ్వెక్కడా ఆగిపోలేదు. అతని చొక్కాలు ఎవరికైనా ఇచ్చెయ్యమని మీ ఆడబిడ్డ పోరుతోందన్నావు కదా, ఇవ్వాలనిపించిన రోజున ఇద్దువుగాని. మీ బావ హెల్మెట్ మా ఇంట్లో చెప్పుల స్టాండు మీదే ఉంది, వారానికోసారి తుడుస్తాను.

కోపం దేవుడి మీదైతే, తిట్టు. గట్టిగా తిట్టు. మొసలి కాలు పట్టుకున్న ఆ ఏనుగు కూడా ఉన్నాడో లేడో అని అనుమానపడుతూనే పిలిచింది కదా! పూర్తి నమ్మకం వచ్చాకే పిలుస్తానని కూర్చుంటే నీళ్లలోనే పోయేది.

ఇప్పుడు అసలు సంగతి. ఊళ్ల నుంచి మనవాళ్లు వైద్యానికి మద్రాసు వస్తారు, నీకు తెలుసు కదా. నెల్లూరు, గూడూరు, కావలి, ఒంగోలు... సెంట్రల్లో దిగేసరికి అరవం ఒక్క ముక్క రాదు. మా కింద పోర్షనావిడ ఆసుపత్రిలో పనిచేసేది, ఓసారి బలవంతంగా లాక్కెళ్లింది, "మామీ, ఒక తెలుగు కుటుంబం ఉంది, వచ్చి రెండు మాటలు చెప్పి వెళ్లండి" అని. ఇష్టంతో వెళ్లలేదు, ఆవిడ పోరు పడలేక వెళ్లాను. ఒక పెద్దాయన, యూరియా సంచిలో భార్య రిపోర్టులన్నీ పెట్టుకుని, టోకెన్ చీటీ గుప్పిట్లో నలిపేసి కూర్చున్నాడు. డాక్టరు చూసి "బయపడ వేండామ్" అన్నాడు. భయపడొద్దంటున్నారు అని చెప్పాను. ఆయన నా మొహంలోకే చూస్తూ, "అమ్మా, ఆ మాట డాక్టరుగారన్నదా, నువ్వు కలిపిందా?" అనడిగాడు. ఆయనే అన్నారండీ అన్నాను. అయినా నమ్మక మళ్లీ అడిగించాడు. డాక్టరు ఈసారి నవ్వుతూ ఆయన చెయ్యి పట్టుకుని అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు, బాత్రూంలోకి పోయి ఏడ్చి వచ్చాను. మీ బావ ఆఖరి మూడు రోజుల్లో నాతో ఆ మాట అన్నవాళ్లు ఒక్కరూ లేరు, నేను వాడితో అనడానికీ వీల్లేకపోయింది.

ఆ రాత్రి గూడు తలుపు తీశాను. ఒత్తి నూనె జిడ్డుతో ప్రమిదకి అతుక్కుపోయింది, గోటితో పెకిలించి కొత్తది వేశాను. భక్తి అనను దాన్ని. ఎవరితోనైనా చెప్పుకోవాలనిపించింది, ఇంట్లో ఇంకెవరున్నారు?

అప్పట్నుంచీ గురువారాలు అక్కడే. టోకెన్ ఎక్కడ తీసుకోవాలో, స్కాన్ గది ఎటో, మందు తిన్నాక వేసుకోవాలా తినకముందా, ఇదే నా పని. దుఃఖంలోంచి పెద్ద పనులు చేసినవాళ్లూ ఉన్నారు. డాక్టరు ముత్తులక్ష్మీ రెడ్డిగారు తన చెల్లెలు కాన్సర్‌తో పోయాక ఏళ్ల తరబడి పట్టుబట్టి, 1954కల్లా అడయార్‌లో కాన్సర్ ఆసుపత్రి నడిచేలా చేశారు. గొప్ప మనిషి. కానీ ఇలాంటివి విని నీ దుఃఖంతోనూ ఏదో సాధించాలని భుజాన వేసుకోకు తల్లీ. పిల్లాడికి టిఫిన్ డబ్బా కట్టి స్కూలుకి పంపిన రోజున నీ పని అయినట్టే.

ఒక్కటి మాత్రం దాచకు. నిద్ర వారాల తరబడి పట్టకపోయినా, బతకడం దేనికనే ఆలోచన వచ్చినా 14416కి ఫోన్ చెయ్యి. టెలీ మానస్ అని ప్రభుత్వానిదే, డబ్బు అక్కర్లేదు, తెలుగులోనూ మాట్లాడతారు. నాకూ చెయ్యి, ఎంత రాత్రయినా సరే. జ్వరమొస్తే డాక్టరు దగ్గరికి పోమూ, ఇదీ అంతే.

వచ్చే గురువారం ఏడున్నరకి మాంబళం స్టేషన్లో టికెట్ కౌంటర్ దగ్గర ఉంటాను, లోకల్ రైల్లో పార్క్ స్టేషన్ దాకా వెళ్లాలి. వస్తే నా పక్కన కూర్చో, మాట్లాడాలనేం లేదు. నీ అరవం నాకన్నా బాగుంటుంది కాబట్టి మందుల చీటీలు చదివిపెట్టినా చాలు. రాబుద్ధి కాకపోతే ఫోన్ చేసి సంజాయిషీ చెప్పొద్దు, ఏడూ నలభై దాకా చూసి బండెక్కేస్తాను. ఫ్లాస్కులో కాఫీ ఇద్దరికీ సరిపడా తెస్తాను, నీకు పంచదార తక్కువే కదా?

మీ అత్తయ్య