‘లీజ్ అండ్ లీఫ్’ ఇన్నేళ్లకి విన్నా పాతగా ఎందుకు అనిపించదు?

ఫెయిర్‌పోర్ట్ కన్వెన్షన్ బ్యాండ్ 1969 డిసెంబరులో తెచ్చిన ఈ ఆల్బమ్‌లో సగానికి పైగా బ్రిటన్, ఐర్లండ్ జానపదాలే. అప్పటికే వందల ఏళ్ల నాటివి, ఇంక కొత్తగా పాతబడేదేముంది! వాటికి ఎలక్ట్రిక్ గిటార్, డ్రమ్స్ జోడించారు, అంతే. అదే ఏడాది మేలో జరిగిన వ్యాన్ ప్రమాదంలో వాళ్ల డ్రమ్మర్ మార్టిన్ లాంబుల్ చనిపోయాడు. ఆ దుఃఖం నుంచి తేరుకుంటూ చేసిన రికార్డు ఇది.

ఇందులోని ‘మ్యాటీ గ్రోవ్స్’ పాట వినండి. భర్త కత్తి దూసి భార్యనీ ప్రియుడినీ చంపే కథ. బ్యాండ్ గాయని శాండీ డెనీ మాత్రం పక్కింటి కబురు చెప్పినంత నింపాదిగా పాడుతుంది. కథ ముగిశాక గిటారూ ఫిడేలూ నిమిషాల తరబడి ఒకదాన్నొకటి తరుముకుంటాయి. కుర్రతనంలో నేను కథ అయిపోగానే పాట మార్చేసేవాణ్ణి. ఇప్పుడు ఆ తరుములాట కోసమే పెట్టుకుంటున్నా.