ఆంధ్రా బాక్సు ఒడిశాలో చెల్లదా?

ప్రశ్న: మాది పార్వతీపురం. మావారి ఉద్యోగం వల్ల నిరుడు గుణుపురం వచ్చాం. మా మామగారి పేరు మీద ఉన్న డిష్, బాక్సు వెంట తెచ్చుకున్నాం. ఇక్కడి డీలరు వాటిని బిగించి, ఏడాది తెలుగు ప్యాకేజీకి, బిగింపుకు కలిపి 3,400 రూపాయలు ఫోను ద్వారా తన సొంత నంబరుకు వేయించుకున్నాడు. రసీదు ఇవ్వలేదు. మూడు నెలలకే ఛానెళ్లు ఆగిపోయాయి. అడిగితే ‘ఇది ఆంధ్రా బాక్సు, ఒడిశాలో తెలుగు ప్యాకేజీ నిలవదు, కొత్త కనెక్షన్ తీసుకోండి’ అంటున్నాడు. కంపెనీవాళ్లు తమకు 750 రూపాయలే చేరాయని, ఆ డీలరు తమ మనిషి కాదని చెబుతున్నారు. చినుకు పడితే చాలు, బొమ్మ పోతోంది. దీనికి తోడు డిష్ బిగించిన చోట డాబా కారుతోందని, దాన్ని తీసేయమని ఇంటి యజమాని పట్టుబట్టారు. కేసు వేయాలంటే పార్వతీపురంలోనా, ఇక్కడా, కంపెనీ ఉన్న ఢిల్లీలోనా?
– ఒక పాఠకురాలు, గుణుపురం, రాయగడ జిల్లా

జవాబు: అమ్మా, ‘ఆంధ్రా బాక్సు’ అన్న మాట బరంపురంలో, పర్లాకిమిడిలో, రాయగడలో నేను ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. కొత్త కనెక్షన్ అమ్ముకోవడానికి పుట్టిన మాట అది. భూమికి దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహానికి పార్వతీపురం ఎంత దూరమో గుణుపురమూ అంతే. డీటీహెచ్ కంపెనీకి కేంద్ర సమాచార, ప్రసార శాఖ ఇచ్చే లైసెన్సు దేశం మొత్తానికి వర్తిస్తుంది. రాష్ట్రానికొక లైసెన్సు ఉండదు.

అతని మాటలో ఒక పిసరు నిజం లేకపోలేదు. కంపెనీలు ప్రాంతాన్ని బట్టి రకరకాల ప్యాకేజీలు కూర్చి అమ్ముతాయి. ఒడిశా చిరునామాకు చూపే ప్యాకేజీల జాబితాలో తెలుగువి వెనక ఉండవచ్చు, ధరలోనూ తేడా ఉండవచ్చు. కానీ టెలికాం, ప్రసార రంగాల నియంత్రణ సంస్థ ట్రాయ్ 2017లో తెచ్చి, 2019 ఫిబ్రవరి నుంచి అమలులో పెట్టిన ధరల ఉత్తర్వు ప్రకారం, తన దగ్గరున్న ప్రతి ఛానెల్‌ను ఏ చందాదారుకైనా విడివిడిగా ఇవ్వాల్సిన బాధ్యత కంపెనీదే. ప్యాకేజీ వద్దు, ఫలానా నంబర్ల ఛానెళ్లే కావాలి అని మీరు అడగవచ్చు. మీ ఇల్లు ఒడిశాలో ఉందన్న కారణంతో కాదనడానికి వీల్లేదు. కాబట్టి డీలరుతో వాదన ఆపి, కంపెనీ వినియోగదారుల నంబరుకు ఫోను చేసి, ముందు చిరునామా మార్పించుకోండి. ఫిర్యాదు నంబరు ఇచ్చేదాకా ఫోను పెట్టకండి. డిష్ ఇల్లు మార్చినందుకు, బిగించినందుకు తీసుకునే రుసుముకు ఒకప్పుడు ట్రాయ్ పరిమితి ఉండేది. 2024 జులై సవరణలతో దాన్ని కంపెనీలకే వదిలేశారు. అయితే ఎంత తీసుకుంటారో అందరికీ తెలిసేలా ప్రకటించి తీరాలి. ప్రకటించిన మొత్తం ఎంతో కనుక్కోండి, డీలరు లెక్క తేల్చడానికి అది కావాలి.

ఇక అసలు సంగతి, డబ్బు. 3,400లో కంపెనీకి చేరింది 750. బిగింపు ఖర్చు పోగా మిగిలింది డీలరు జేబులో ఉంది. ‘మా మనిషి కాదు’ అన్న కంపెనీ మాటను అలాగే నమ్మకండి. ఆ 750 ఏ దారిన చేరిందో అడగండి. ప్రతి రీఛార్జ్ ఎవరి ఖాతా నుంచి వచ్చిందో కంపెనీ దగ్గర నమోదై ఉంటుంది. అధీకృత విక్రేతలకు ఇచ్చిన ఖాతా నుంచి వచ్చి ఉంటే, ఆ ఒక్క వరుస మీకు సగం కేసు. దుకాణం ముందు కంపెనీ బోర్డు ఉంటే తేదీ పడేలా ఫొటో తీసి పెట్టుకోండి. డిష్ బిగించిన రోజు కంపెనీ నుంచి ఫోనుకు సందేశం ఏదైనా వచ్చిందేమో వెతకండి. ఏజెంటుకు అధికారం ఉందని జనం నమ్మేలా యజమాని నడుచుకుంటే, ఆ ఏజెంటు హద్దు మీరి చేసిన పనికీ యజమానే జవాబుదారీ అని 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 237వ సెక్షను చెబుతోంది. ఏజెంటు పని మీద ఉండి చెప్పిన అబద్ధాలకు 238వ సెక్షను ఉంది. ఈ సంబంధం చూపించలేకపోతే మాత్రం కంపెనీ తప్పించుకుంటుంది, డీలరు ఒక్కడే మిగులుతాడు. అందుకే ఫిర్యాదులో ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చాలి.

కనెక్షన్ మామగారి పేరు మీద ఉందని వెనుకాడకండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ‘వినియోగదారు’ అంటే డబ్బు కట్టినవారే కాదు, వారి సమ్మతితో ఆ సేవ వాడుకునేవారు కూడా. మీ విషయంలో డీలరుకు డబ్బు పంపింది మీరే కనుక ఇబ్బంది ఇంకా తక్కువ. మామగారి చేత సమ్మతి తెలిపే ఒక ఉత్తరం రాయించుకుంటే చాలు.

ఎక్కడ వేయాలని అడిగారు. రాయగడలోనే, జిల్లా వినియోగదారుల కమిషన్ ముందు. 1986 నాటి పాత చట్టం కింద అవతలివారు ఉండే చోటో, వ్యవహారం నడిచిన చోటో చూసుకోవలసి వచ్చేది. కొత్త చట్టం 34వ సెక్షను ఫిర్యాదుదారు నివసించే చోటే కేసు వేసే వీలు కల్పించింది. ‘వివాదాలన్నీ ఢిల్లీ కోర్టుల్లోనే’ అని దరఖాస్తు వెనక చీమ తలకాయలంత అక్షరాల్లో అచ్చు వేసిన షరతు చూసి భయపడనక్కర్లేదు. మధ్యవర్తిత్వ షరతు ఉన్నా వినియోగదారుల కమిషన్ తలుపు మూసుకుపోదని సుప్రీంకోర్టు 2018లోనే తేల్చింది. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు అయితే కమిషన్‌లో రుసుమే లేదు. గడువు రెండేళ్లు.

కంపెనీ వకీలు బహుశా మొదటి రోజే ఒక అభ్యంతరం లేవదీస్తాడు: ఇది ట్రాయ్ పరిధిలోని విషయం, వినియోగదారుల కమిషన్‌కు అధికారం లేదు అని. 2009లో టెలిఫోను బిల్లుల కేసులో వచ్చిన తీర్పు ఒకటి చూపిస్తాడు. మీరు 2022 ఫిబ్రవరిలో వొడాఫోన్ ఐడియా, అజయ్ కుమార్ అగర్వాల్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చూపించండి. టెలికాం సేవల లోపం మీద కూడా వినియోగదారు కమిషన్‌కు వెళ్లవచ్చని అందులో స్పష్టంగా ఉంది. ట్రాయ్ చట్టం 14వ సెక్షను సైతం ఒంటరి వినియోగదారు ఫిర్యాదును టీడీశాట్ అనే టెలికాం వివాదాల ట్రైబ్యునల్ పరిధి నుంచి పక్కన పెట్టింది. ట్రాయ్‌కి ఉత్తరం రాస్తే తీర్పు వస్తుందని ఎదురుచూసేవారు చాలామంది ఉన్నారు. ట్రాయ్ నియమాలు చేస్తుంది కానీ, విడివిడి ఫిర్యాదులు పరిష్కరించదు.

కమిషన్ దాకా వెళ్లేముందు కంపెనీ రాష్ట్ర స్థాయి నోడల్ అధికారికి, అంటే ఫిర్యాదులు చూసేందుకు కంపెనీ నియమించిన మనిషికి, రాతపూర్వకంగా ఫిర్యాదు పంపండి. ఆయన పేరు, చిరునామా కంపెనీ వెబ్‌సైటులో ఉండాలి. ఒడిశాకు నియమించిన అధికారికే పంపాలి సుమా, ఆంధ్రప్రదేశ్ అధికారికి పంపి నెలలు పోగొట్టుకున్నవారిని చూశాను. జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915లో తెలుగులోనూ మాట్లాడవచ్చు. చాలా కేసులు అక్కడే తెగిపోతాయి. తెగకపోతే ఈ-జాగృతి వెబ్‌సైటులో ఇంటి నుంచే కమిషన్‌కు ఫిర్యాదు దాఖలు చేయవచ్చు, విచారణ వీడియోలో జరపమని కోరవచ్చు. ఫిర్యాదు ఇంగ్లిషులో గాని ఒడియాలో గాని రాయించండి. డీలరుతో తెలుగులో జరిగిన సందేశాలకు అనువాదం జతచేయండి. వకీలు తప్పనిసరి కాదు. నా వృత్తికి నష్టమే అయినా చెబుతున్నాను, ఈ మొత్తానికి వకీలును పెడితే ఆయన ఫీజే దావా కంటే ఎక్కువవుతుంది.

ఏమి అడగాలో కూడా చెప్పాలి. మిగిలిన డబ్బు, దానిపై వడ్డీ, తిప్పలకు కొంత పరిహారం, ఖర్చులు. లక్షలు రాయకండి, నవ్వులపాలవుతారు. ఉత్తర్వు వచ్చాక కటక్‌లోని రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు చేయాలంటే అవతలివారు ఉత్తర్వు సొమ్ములో సగం ముందు జమ చేయాలి. ఇంత చిన్న మొత్తానికి అంత దూరం వెళ్లేవారు అరుదు. ఉత్తర్వును పాటించకపోతే జైలు శిక్ష వేసే అధికారం కూడా కమిషన్‌కు ఉంది.

పోలీసుల దగ్గరికి వెళ్లవచ్చా అన్నది మీరు అడగలేదు కానీ మీ ఇంట్లో ఎవరో అని ఉంటారు. మోసానికి భారతీయ న్యాయ సంహితలో 318వ సెక్షను ఉంది. అయితే మొదటి నుంచీ మోసగించే ఉద్దేశం ఉందని చూపించాలి. ఊళ్లో ఇంకో పదిమందికి ఇదే జరిగిందని తేలితే అప్పుడు చూద్దాం.

వాన సంగతి. ఇళ్ల డిష్‌లకు వచ్చే కేయూ బ్యాండ్ తరంగాలను జోరువాన పీల్చేస్తుంది. వంశధార పొంగే వానలో పావుగంట బొమ్మ పోయిందని కేసు వేస్తే నిలవదు. చినుక్కే పోతోందంటే అది వాన తప్పు కాదు. డిష్ దిశ కొంచెం తప్పి ఉండాలి, లేదా తీగ చివరి కనెక్టర్‌లో నీరు చేరి ఉండాలి, లేదా డిష్‌కు ఎదురుగా ఉండి తరంగాలను అందుకునే ఎల్‌ఎన్‌బి అనే చిన్న పరికరం పాడై ఉండాలి. బాక్సు మెనూలో సిగ్నల్ బలం, నాణ్యత అని రెండు అంకెలు కనిపిస్తాయి. ఎండ కాసిన రోజున వాటిని ఫొటో తీయండి. ఎండలోనే నాణ్యత తక్కువ ఉంటే, బిగింపు సరిగా లేదనడానికి మంచి సాక్ష్యం. మన డీటీహెచ్ ఉపగ్రహాలు మీ ఊరి నుంచి చూస్తే దాదాపు దక్షిణం, ఆగ్నేయం మధ్య ఉంటాయి. ఆ వైపు కొబ్బరి మట్ట అడ్డం ఉందేమో చూడండి. మా ఇంట్లో రెండేళ్లు కంపెనీని తిట్టుకున్నాక, దోషి మా పెరటి వేపచెట్టని తేలింది.

డాబా విషయంలో యజమాని మాటకు బలం ఉంది. అద్దెకిచ్చింది ఇల్లు మాత్రమే అయితే పైకప్పు మీద హక్కు మీకు దానంతట అదే రాదు, ఒప్పందంలో ఉండాలి. ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షను యజమాని అనుమతి లేకుండా శాశ్వత నిర్మాణాలు కట్టవద్దంటుంది. డిష్ అంతటిది కాదు, కానీ శ్లాబుకు కొట్టిన మేకుల రంధ్రాలు మీ పూచీయే, ఇల్లు వదిలేటప్పుడు ఉన్నది ఉన్నట్లు అప్పగించాలి. గొడవ పెట్టుకోకండి. రంధ్రాలు పూడ్పించి, సిమెంటు దిమ్మలో గొట్టం నిలబెట్టి దాని మీద డిష్ బిగిస్తానని, లేదా దక్షిణపు పిట్టగోడకు తగిలిస్తానని రాసిచ్చి, ఆయన సంతకం తీసుకోండి. డాబా బాగుచేసిన ఖర్చు బిల్లు దాచండి, అది కూడా డీలరు మీద దావాలో చేర్చవచ్చు.

ఇవన్నీ తేలేదాకా ఇంట్లో పెద్దవాళ్లు తెలుగు బొమ్మ లేకుండా ఉండలేరంటే, నెలసరి చందా లేని దూరదర్శన్ ఫ్రీ డిష్‌లో సప్తగిరి, యాదగిరి వస్తాయి. సీరియళ్ల ఛానెళ్లు మాత్రం అందులో ఆశించవద్దు. కొత్త కనెక్షనే తీసుకుంటే ఏడాది సొమ్ము ఒకేసారి కట్టకండి. నెలనెలా, మీ చందాదారు నంబరుకే, కంపెనీ యాప్‌లోనే కట్టండి.

ముందుగా ఈ రోజే ఒక పని చేయండి. మామగారి కనెక్షన్‌కు నమోదైన ఫోను నంబరు ఏదో కంపెనీని అడగండి. బిగించేటప్పుడు డీలరు తన నంబరు పెట్టి ఉంటే, కంపెనీ పంపే ప్రతి సందేశమూ ఇన్నాళ్లూ అతనికే వెళ్తోంది. దాన్ని మార్పించాకే ఫిర్యాదు పెట్టండి.