ఒక్క ఎత్వం తీసేస్తే ఏరు ఎండిపోతుంది

సందేహం: గురువుగారూ, మాది విశాఖపట్నం, కంచరపాలెం వైపు. ఐదో తరగతి చదివే మా అబ్బాయి సెలవుల గురించి వ్యాసం రాస్తూ ‘అమ్మమ్మ వాళ్ళ ఊరి గెడ్డలో చేపలు పట్టాం’ అని రాశాడు. తెలుగు మాస్టారు ‘గెడ్డ’ కొట్టేసి ఎర్ర సిరాతో ‘గడ్డ’ అని దిద్దారు. గడ్డలో చేపలు ఎలా పడతారమ్మా అని వాడు నన్ను అడుగుతున్నాడు. పేపర్లో కూడా ఒకరోజు మేఘాద్రిగెడ్డ అని, ఇంకోరోజు మేఘాద్రిగడ్డ అని చూస్తున్నాను. ఏది ఒప్పు? గెడ్డ అసలు తెలుగు మాటేనా, లేక మా యాసా?
— ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, జవాబు మీవాడే చెప్పేశాడు. గడ్డలో చేపలు పట్టలేం. గడ్డ అంటే నేల, గెడ్డ అంటే కొండల మీంచి దిగివచ్చే ఏరు. రెంటికీ మధ్య ఉన్నది ఒక్క ఎత్వం. అది తీసేస్తే నీళ్ళు పోయి ఒడ్డు మిగులుతుంది. గడ్డకున్న మిగతా అర్థాలు, మట్టిగడ్డ, దుంప, ఒంటిమీద లేచే కురుపు, మీకు తెలిసినవే. చిత్తూరు వెళ్ళి ఎర్రగడ్డలు కావాలంటే ఉల్లిపాయలు తూచి ఇస్తారు.

మాస్టారిని నేను మరీ తప్పుపట్టను. మనవాళ్ళు గడ్డాన్ని గెడ్డం అంటారు కదా, గెడ్డ కూడా అలాంటిదే అనుకుని పాపం సవరించి ఉంటారు. కానీ గెడ్డాన్ని గడ్డం అని దిద్దితే అర్థం మారదు, ఇక్కడ మారుతుంది. ఇక యాసా అన్నారు చూడండి, ఆ మాటకు నాకు కాస్త కోపం వస్తుంది. ఉత్తరాంధ్రలో తరతరాలుగా వాడుతున్న మాట, వట్టిగెడ్డ, పెద్దగెడ్డ అని ప్రాజెక్టులకే పేర్లున్న మాట, మీరు తాగే నీళ్ళలో కొన్ని మేఘాద్రిగెడ్డ రిజర్వాయరు నుంచే వస్తాయి, అది తెలుగు అవునో కాదో తేల్చడానికి ఎవరి సంతకం కావాలి? గిడుగు రామమూర్తి గారు 1863లో పుట్టింది మన శ్రీకాకుళం దగ్గరి పర్వతాలపేటలో. ఏటా ఆగస్టు 29న ఆయన బొమ్మకు దండ వేస్తాం, మర్నాడు బడికెళ్ళి పిల్లవాడి నోట్లోని మాటను ఎర్ర సిరాతో కొట్టేస్తాం.

గెడ్డ బదులు ‘కాలువ’ అంటే పోదా అని మీరు అడగలేదు గానీ చాలామంది అడుగుతారు. పోదు. కాలువ అనగానే మనకు తవ్వి, గట్లు పోసి, నీటిని దారిలో పెట్టిన సంగతి గుర్తొస్తుంది. గెడ్డకు ఎవరూ దారి చూపరు. చిన్నప్పుడు మా ఊరి గెడ్డ ఎండాకాలమంతా ఉత్త ఇసుకే. ఆడవాళ్ళు అందులో మోచేతి లోతున చెలమ తవ్వి, ముందు ఊరిన బురదనీళ్ళు తోడి పారబోసి, తేట తేరేదాకా పక్కన కూర్చుని కబుర్లు చెప్పుకుని, తరవాత కొబ్బరిచిప్పతో బిందెలోకి ముంచేవారు. వానాకాలంలో మాకు చినుకైనా పడకుండానే, ఎక్కడో కొండమీద కురిసిన వానకి, ఎర్రటి నీళ్ళు విరిగిన కొమ్మలతో సహా వచ్చి పడేవి. అవతల మేకలు మేపుకునేవాళ్ళు అవతలే. ‘గెడ్డ దిగాక వస్తాంలే’ అని ఇవతలి గట్టుకి కేకేసేవారు. సాయంత్రానికి నిజంగానే దిగిపోయేది. గెడ్డ దిగడమంటే ఏమిటో కాలువ ఒడ్డున పెరిగినవాడికి బొమ్మలు గీసి చెప్పాలి. ‘సెలయేరు’ అందామా అంటే, ఈకాలపు కవులు నీళ్ళు కనిపించిన ప్రతిచోటా ఆ మాట వాడి అరగదీశారు. సెల అంటే ఊట. ఆ సెలా, ఇందాకటి చెలమా అక్కచెల్లెళ్ళని నా అనుమానం, పందెం మాత్రం కాయను.

మీ ఊరి పేర్లే చూడండి. ముడసర్లోవలో ఉన్నది లోవ, అంటే లోయ. మాధవధార, సీతమ్మధారల్లో ధార ఉంది. సీతమ్మధారలో ఇల్లు కట్టుకుని వేసవిలో ట్యాంకర్‌కి ఫోన్ చేసేవారికి ఆ సంగతి గుర్తుండదు. గాజువాక, హనుమంతవాకల చివరనున్న వాక కూడా ఏరే అని నా నమ్మకం. మన పాతకవులు ఆకాశగంగను ‘మిన్నువాక’ అన్నారు. (ఏరువాకలో ఏరు మాత్రం నది కాదు, ఎద్దుల్ని పూన్చిన నాగలి. దాని కథ ఇంకోసారి.)

ఇలా ఏ నీటికి ఆ పేరు పెట్టడం పల్లెటూరివాళ్ళ చాదస్తం అనుకునేవారికి నేను పెద్దనను చూపిస్తాను. మనుచరిత్రలో ప్రవరుడు హిమాలయం చేరగానే వచ్చే ‘అటజని కాంచె’ పద్యం మీరు బడిలో బట్టీపట్టే ఉంటారు. పెద్ద కొండ, బోలెడు నీళ్ళు అని సరిపెట్టలేదాయన. శిఖరాల మీంచి దూకే ఝరులట, వాటి అలలు దొర్లే చప్పుడు మృదంగంలా వినిపిస్తే నెమళ్ళు పురివిప్పి ఆడుతున్నాయట. ఆ తరవాతిది నాకు మరీ ఇష్టం: ‘కటక చరత్కరేణు కర కంపిత సాలము’. కటకం అంటే కొండ నడుమ, అటు శిఖరమూ కాదు, ఇటు అడుగూ కాదు. అక్కడ ఆడ ఏనుగులు తిరుగుతూ తొండాలతో చెట్లను ఊపుతున్నాయి. సాలమంటే ఏ చెట్టయినా కావచ్చు, నేను మాత్రం గుగ్గిలం చెట్టే అనుకుంటాను, అలా అనుకుంటేనే కొమ్మ ఊగడం కనిపిస్తుంది నాకు. ఆ కటకాన్ని తీసి ‘కొండ’ అని పెట్టండి, ఏనుగులు ఎక్కడున్నాయో తెలియక నేను తల ఎటు తిప్పాలో తెలియదు. అంతెందుకు, ప్రవరుడు ఇల్లు చేరలేకపోయిందే కోరినచోటికి చేర్చే కాలి పసరు మంచునీళ్ళకు కరిగిపోయి! వరూధిని కథంతా ఆ తడి పాదాల మీద నడిచింది.

ఇక తీర్పు. మేఘాద్రిగెడ్డ అనే రాయండి. గడ్డ అని రాసినవారితో పోట్లాటకు దిగకండి, రెండు మాటలకూ ఎప్పుడో ఒకే మూలం ఉండి, ఒడ్డు పేరే ఏటికి వచ్చిందని రేపెవరైనా నిరూపిస్తే నేను కాదనలేను. మీవాడి గెడ్డను మాత్రం దిద్దనక్కర్లేదు. నేను మాస్టారినైతే ‘చేపలు’ అన్న మాట కింద గీత గీసేవాణ్ణి. ఏ చేపలు? కొర్రమీనా, జెల్లా, పరిగెలా? వాణ్ణి అడిగి రాయండి.