‘శుద్ధరాత్రి’ని పాడించబోయే అమ్మాయికి

చిరంజీవి సునీతకు,

ప్రభువు నామమున శుభములు. ఈ ఏడు క్రిస్మస్ ముందు రాత్రి ఆరాధనలో, ‘సైలెంట్ నైట్’కు తెలుగు రూపమైన ‘శుద్ధరాత్రి’ని పాడించే బాధ్యత నీకు అప్పగించారని తెలిసి ఎంతో సంతోషించాను. బృందానికి బాణీ నేర్పే ముందు ఆ పాట ఎలా పుట్టిందో చెప్పు. ఎలా పాడాలో వాళ్ళకు సగం అక్కడే బోధపడుతుంది.

ఆస్ట్రియాలోని మరియాప్ఫార్‌లో యోసెఫ్ మోర్ అనే యువ క్యాథలిక్ ఫాదరు 1816లో దీనిని జర్మన్ భాషలో ఆరు చరణాల కవితగా రాశాడు. 1818 డిసెంబరు 24న, సాల్జ్‌బర్గ్ సమీపాన ఉన్న ఓబెర్న్‌డోర్ఫ్‌లో, ఆ కవితను ఫ్రాంజ్ గ్రూబర్ అనే బడిపంతులుకు ఇచ్చి, ఇద్దరు గాయకులకూ బృందానికీ గిటారుకూ తగిన బాణీ కట్టమన్నాడు. ఆ రాత్రే సెయింట్ నికోలస్ చర్చిలో మోర్ గిటారు వాయిస్తూ పై గొంతులోనూ, గ్రూబర్ కింది గొంతులోనూ పాడగా, ప్రతి చరణం చివరి పంక్తులను బృందం అందుకుంది. తరువాత ఆ పాట జిల్లెర్తాల్ లోయ గాయక కుటుంబాల వెంట ఊరూరా తిరిగి, కర్తల పేర్లు మరుగున పడి, జానపద గీతంగా చెలామణీ అయింది. 1854లో గ్రూబర్ స్వయంగా దాని పుట్టుక గురించి రాయవలసి వచ్చింది. మోర్ చేతిరాత ప్రతి 1995లో బయటపడ్డాక ఇక సందేహానికి చోటు లేకపోయింది.

కాబట్టి డ్రమ్స్ వద్దు, కీబోర్డులో వయొలిన్ల హోరు అసలే వద్దు. గిటారు మీద మూడు కార్డ్స్ (కలిపి మోగించే స్వరాల గుచ్ఛాలు) చాలు. నడక తిస్రం, అంటే మూడేసి లెక్కన, ఉయ్యాల ఊగినట్టు సాగాలి. చాలా సంఘాలలో దీనిని భక్తి పేరిట మరీ ఈడ్చి పాడుతున్నారు, అది నాకు బాధ కలిగిస్తుంది. ‘ప ధ ప గ’ అనే తొలి స్వరాలలో మొదటి పంచమం కాస్త నిలవాలి, ధైవతం తేలికగా తాకి జారిపోవాలి, ఆ వెంటనే రెండో పంచమం రావాలి. ఈ ఒక్క ముక్క కుదిరేదాకా ముందుకు పోనివ్వకు.

స్కేలు (శ్రుతి) విషయంలో మాత్రం మూలాన్ని పట్టుకుని కూర్చోకు. బాణీ షడ్జం నుండి పై స్థాయి మధ్యమం దాకా పోతుంది. గ్రూబర్ స్కేలైన ‘డి’లో ఆ మధ్యమం చేరేసరికి పెద్దలు అరవడం మొదలుపెడతారు. సంఘమంతా పాడేటప్పుడు ‘బి ఫ్లాట్’కు దించు. ఆ పై స్వరం వచ్చేది చివరి పంక్తిలో, బిడ్డను నిద్రపొమ్మనే చోట. అక్కడ గొంతు పెంచకుండా ఊపిరి ముందే తీసుకోమని చెప్పు.

ఇట్లు,
నీ పెదనాన్న