హైదరాబాద్ జీతమా, విశాఖ అందమా? రెండు ఊళ్ళూ చూసినవాడిగా నా జవాబు

హైదరాబాద్‌లోనే ఉద్యోగం చేసుకోవాలా, జీతం తగ్గినా విశాఖ వెళ్ళిపోవాలా అని అడిగారు. నేను పుట్టి పెరిగింది విశాఖ. 2009 నుంచి తింటున్నది హైదరాబాద్ తిండి. నాకు పక్షపాతం ఉంది, ఎటో మీరే చూసుకోండి.

డిగ్రీ అయ్యాక విశాఖలోనే ఉంటానంటే నాన్న ఒక్కటే అడిగారు: "సముద్రాన్ని కొరుక్కు తింటావేటి?" చెల్లి పెళ్ళి, నాన్న గుండె ఆపరేషన్ రెండూ హైదరాబాద్ జీతంతోనే గట్టెక్కాయి. అది మర్చిపోయి "డబ్బుదేముందిలే" అంటే కళ్ళు పోతాయి.

కాకపోతే ఆ డబ్బు దేన్ని తిని పెరిగిందో కూడా చూశాను. నేను వచ్చేనాటికి గచ్చిబౌలి దాటితే ఎటు చూసినా బండలే, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు, తోస్తే దొర్లిపోతాయేమో అన్నట్టు. సుమారు 250 కోట్ల ఏళ్ళ వయసు వాటిది. నల్లగండ్లలో మా అద్దె ఫ్లాట్ ఎదురుగా పడుకున్న ఏనుగులాంటిది ఒకటుండేది. సాయంత్రమైతే పిల్లలు దాని వీపెక్కి జారేవాళ్ళు. ఓ వేసవిలో డ్రిల్లింగ్ మొదలైంది. మధ్యాహ్నం ఈల వినపడేది, కాసేపటికి ధన్‌మని శబ్దం, వంటింట్లో గిన్నెల స్టాండు గలగల. రెండు నెలల్లో ఏనుగు ముక్కలై టిప్పర్లెక్కి వెళ్ళిపోయింది. ఆ గోతిలోంచి లేచిన అపార్ట్‌మెంట్‌లోనే తర్వాత నేను ఫ్లాట్ కొన్నాను. ఇంకెవరిని తిట్టను?

(బండలు చూడాలనిపిస్తే సెంట్రల్ యూనివర్సిటీలో పుట్టగొడుగు రాయి ఉంది. 1996లో పుట్టిన సొసైటీ టు సేవ్ రాక్స్ వాళ్ళు రాళ్ళ మధ్య నడకలు కూడా పెడుతుంటారు.)

విశాఖ కూడా స్వర్గమేం కాదు. వన్‌టౌన్‌లో మా మేనత్త డాబా మీద ఆరేసిన తెల్లచీర సాయంత్రానికి పోర్టు బొగ్గుపొడితో మాసిపోయేది. ఉప్పుగాలికి కిటికీ ఊచలు తుప్పు పట్టడం మామూలే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను కొట్టాక సెలవు పెట్టి వెళ్ళాను. కైలాసగిరి మీద ఆకన్నది లేదు, కొండంతా తగలబడిపోయినట్టుంది. నాలుగు వానాకాలాలు తిరిగేసరికి మళ్ళీ పచ్చబడింది. మా ఏనుగు మాత్రం తిరిగి రాదు.

మీకు అప్పులున్నా, ఇంటి బరువు మీ మీదే ఉన్నా హైదరాబాద్ వదలకండి. లేదంటే జీతంలో మూడో వంతు పోయినా వెళ్ళిపోండి, అదీ త్వరగా. భీమిలి రోడ్డు పొడుగునా ఇప్పుడు వెంచర్ల బోర్డులే, ఎర్రమట్టి దిబ్బల దాకా.

నా సంగతంటారా, ఇంటి లోను ఇంకా ఆరేళ్ళుంది. ఏడాదికి రెండుసార్లు గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కుతాను. తెల్లారగట్ల దువ్వాడ దాటి సింహాచలం కొండ కనబడిందంటే చాలు, స్టేషన్ ఇంకా రాకపోయినా బ్యాగు భుజాన వేసుకుని తలుపు దగ్గర నిలబడిపోతాను.