సెలవు రోజున కూడా తీరని అలసట

ప్రశ్న: నా వయసు 38 ఏళ్లు. ఒక కార్యాలయంలో జమాఖర్చుల విభాగంలో పనిచేస్తున్నాను. రోజంతా కూర్చుని చేసే పనే. అయినా సాయంత్రం ఇంటికి చేరేసరికి ఒంట్లోని సత్తువంతా ఎవరో తోడేసినట్టు ఉంటుంది. సెలవు రోజున మధ్యాహ్నమంతా పడుకుని లేచినా తేడా ఉండడం లేదు. కొన్ని నెలల కిందట పై అధికారి నలుగురిలో అన్న ఒక మాట రోజూ ఏదో ఒక వేళ గుర్తుకొస్తుంది. అప్పుడు చెప్పలేకపోయిన జవాబును మనసులో పదేపదే చెప్పుకుంటూ ఉంటాను. వైద్యులు పరీక్షలు చేయించి లోపమేమీ లేదన్నారు. అందరూ ‘మనసు మళ్లించుకో’ అంటున్నారు గాని, ఎలా మళ్లించుకోవాలో ఒక్కరూ చెప్పడం లేదు.
– ఒక పాఠకురాలు

సమాధానం: ముందుగా పరీక్షలు చేయించుకుని మంచి పని చేశారు. రక్తహీనత, థైరాయిడ్ లోపం, నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడడం వంటివి కూడా అచ్చం ఇటువంటి నీరసాన్నే కలిగిస్తాయి కాబట్టి, వాటి సంగతి తేల్చుకోకుండా మనసును తప్పుపట్టకూడదు.

కూర్చుని చేసే పనికి ఇంత అలసటేమిటని మీరు సిగ్గుపడుతున్నట్టు తోస్తోంది. అందుకు కారణం లేదు. 2009లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో 16 మంది చేత 90 నిమిషాల పాటు గట్టి ఏకాగ్రత అవసరమైన పని చేయించి, ఆ తరువాత వ్యాయామ సైకిలు తొక్కించారు. ఆ పని చేయకుండా తొక్కిన రోజుతో పోలిస్తే వారు సగటున దాదాపు 2 నిమిషాలు ముందే ఆపేశారు. గుండె, కండరాలు ఎప్పటిలాగే పనిచేస్తున్నా, అదే శ్రమ వారికి మరింత బరువుగా తోచింది. అంటే బుద్ధికి కలిగిన అలసట ఒంటి అలసటగానే అనుభవంలోకి వస్తుంది. అది సోమరితనం కాదు, నటన అంతకంటే కాదు.

మీ విషయంలో ఏకాగ్రతతో చేసే పని కార్యాలయంలోనే ముగియడం లేదు. అధికారి అన్న మాటను నెమరు వేసుకున్న ప్రతిసారీ శరీరం అది ఇప్పుడే జరుగుతున్నట్టు స్పందిస్తుంది. గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుసుకుంటాయి. ఈ వాక్యం చదువుతున్న క్షణంలోనే మీ కింది దవడను గమనించండి. పళ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయా? భుజాలు చెవుల వైపు ఎక్కి ఉన్నాయా? మధ్యాహ్నమంతా పడుకున్నప్పుడు కూడా అవి అలాగే ఉండి ఉంటే, మంచం మీద ఉన్నది మీ ఒళ్లు మాత్రమే. మనసు ఇంకా కార్యాలయంలోనే నిలబడి జవాబు చెబుతోంది.

ఇటువంటప్పుడు చాలామంది ‘ఇక ఆలోచించకూడదు’ అని పట్టుబడతారు. కోతిని తలచుకోకుండా మందు తాగమన్న వైద్యుడి కథ మనకు తెలిసినదే. మనస్తత్వవేత్త డేనియల్ వెగ్నర్ 1987లో ఇదే సంగతిని ప్రయోగం చేసి చూపించారు. తెల్ల ఎలుగుబంటిని 5 నిమిషాల పాటు తలచుకోవద్దని, తలపు వస్తే గంట కొట్టమని కొందరికి చెప్పగా, గంట మోగుతూనే ఉంది. పైగా ఆ తరువాత స్వేచ్ఛగా తలచుకోమన్నప్పుడు, మొదటినుంచీ తలచుకున్నవారికంటే వారికే ఎలుగుబంటి ఎక్కువగా గుర్తుకొచ్చింది. కనుక తలపును తరిమే ప్రయత్నం మానండి. ధ్యాసకు మరొక చోటు చూపించడమే మీరు చేయవలసింది.

ఆ చోటు ఎటువంటిదై ఉండాలన్నదే అసలు విషయం. బలవంతాన నిలిపే ధ్యాస వేరు, తనంతట తాను నిలిచే ధ్యాస వేరు అని అమెరికా మనస్తత్వవేత్త విలియం జేమ్స్ 1890లోనే చెప్పారు. అంకెల పట్టికలో తప్పు వెతకడం మొదటి రకం. గాలికి కదిలే ఆకులను, పారే నీటిని, మబ్బులను చూడడం రెండవ రకం. రెండవది పనిచేసేటప్పుడు మొదటిది విశ్రాంతి పొందుతుందని మనస్తత్వవేత్తలైన స్టీఫెన్ కప్లాన్, రేచల్ కప్లాన్ దంపతులు సిద్ధాంతీకరించారు. 2008లో అమెరికాలోని మిషిగన్‌లో జరిగిన ఒక పరిశీలనలో, చెట్ల మధ్య సుమారు 50 నిమిషాలు నడిచి వచ్చినవారు అంకెలను వెనుక నుంచి ముందుకు అప్పజెప్పడంలో మెరుగుపడ్డారు. రద్దీ వీధుల్లో నడిచి వచ్చినప్పుడు అంత మెరుగుదల లేదు. నాకు ఇందులో మరింత నచ్చిన సంగతి ఏమిటంటే, వాతావరణం బాగున్నా బాగాలేకపోయినా ఫలితంలో తేడా రాలేదు. కాబట్టి ‘ఈ రోజు నడవాలని లేదు’ అనిపించిన రోజున కూడా వెళ్లవచ్చు.

నడక కుదరకపోతే, కన్నూ చేయీ కలిసి చేయవలసిన చిన్న పని ఏదైనా పట్టుకోండి. ఊడిన గుండీ కుట్టడానికి కూర్చున్నారనుకోండి. దారం కొన తడిపి, రెండు వేళ్ల మధ్య నులిమి, సూదిని వెలుతురుకు ఎత్తిపట్టి, ఊపిరి బిగబట్టి బెజ్జంలోకి దూర్చే ఆ నాలుగు క్షణాల్లో పై అధికారికి చోటు ఉండదు. పాడడం, బొమ్మలు గీయడం, షటిల్ ఆడడం, మొక్కల పాదులు సవరించడం కూడా ఇటువంటివే. అయితే వాటిలో ప్రావీణ్యం సంపాదించాలన్న పంతం పెట్టుకుంటే మరో ఉద్యోగాన్ని నెత్తికెత్తుకున్నట్టే.

ఫోను సంగతి ఒక్కమాటలో చెబుతాను. అది మీ ధ్యాసను నిలపదు, క్షణానికొకసారి లాక్కుంటుంది. మధ్యలో కార్యాలయం నుంచి ఒక సందేశం కనిపిస్తే అంతకుముందు పొందిన తీరిక కూడా పోతుంది. (ఈ జవాబు రాస్తూ నేను రెండుసార్లు ఫోను తీశాను, కాబట్టి ఇది ఉపదేశం అనుకోకండి.)

ఇక, తేలని విషయమే మనసును పదేపదే తట్టుతుంది. మధ్యలో ఆగిన పనులు పూర్తయిన వాటికంటే ఎక్కువగా గుర్తుంటాయని మనస్తత్వవేత్త బ్లూమా జైగార్నిక్ 1927లో ప్రకటించారు. ఎప్పుడు, ఎక్కడ, ఎలా చేయాలో నిర్ణయించుకుంటే చాలు, పని పూర్తికాకపోయినా ఆ తలపుల తాకిడి తగ్గుతుందని 2011 నాటి అధ్యయనాలు చూపాయి. 2018లో 57 మంది యువతీయువకులతో జరిగిన మరొక పరిశీలనలో, పడుకునే ముందు 5 నిమిషాలు మర్నాడు చేయవలసిన పనులను రాసుకున్నవారు, అప్పటికే చేసిన పనులను రాసుకున్నవారికంటే సుమారు 9 నిమిషాలు ముందుగా నిద్రపోయారు. మీరు కూడా కార్యాలయంలో కుర్చీ నుంచి లేవక ముందే మర్నాటి మొదటి పని ఏదో ఒక కాగితం మీద రాసి, ఆ కాగితాన్ని అక్కడే సొరుగులో పెట్టి రండి.

అధికారి అన్న మాటకు కూడా ఒక తీర్పు కావాలి. ఆయనతో ఏకాంతంగా మాట్లాడతారా, మాట్లాడరా? మాట్లాడేటట్టయితే ఏ రోజున, ఏ రెండు వాక్యాలు? మాట్లాడకూడదనుకుంటే, అది కూడా మీరు తీసుకున్న నిర్ణయమేనని రాసిపెట్టుకోండి. అప్పటికీ ఆ తలపు వదలకపోతే, రోజూ ఒకే చోట, ఒకే వేళ ఒక అరగంటను చింతకు కేటాయించి, మిగిలిన వేళల్లో అది వస్తే ‘సాయంత్రం చూద్దాం’ అని వాయిదా వేయండి. మనస్తత్వవేత్త థామస్ బోర్కోవెక్ బృందం 1983లో పరీక్షించిన ఈ పద్ధతి వినడానికి హాస్యంగా ఉంటుంది గాని, పనిచేస్తుంది.

ప్రశ్న: మనసు మళ్లించుకోవడమంటే సమస్య నుంచి తప్పించుకోవడమే కదా? అప్పుల్లో ఉన్నవాడు మబ్బులు చూస్తూ కూర్చుంటే అప్పు తీరుతుందా?
– ఒక పాఠకుడు

సమాధానం: తీరదు. మీ అభ్యంతరం సబబైనదే. అన్యాయమైన పనిభారాన్ని భరించమని చెప్పడానికి ఇటువంటి సలహాలను వాడుకునేవారూ ఉన్నారు. కానీ అప్పు గురించి రాత్రి 2 గంటలకు దొర్లుతూ ఆలోచించినా అది తీరదు. పట్టిక వేసి, ఎవరికి ముందు ఇవ్వాలో తేల్చి, గడువు అడగడానికి వెళ్లడం సమస్యను ఎదుర్కోవడం. అందుకు తెరిపిన పడ్డ బుర్ర కావాలి. తప్పించుకోవడానికీ తేరుకోవడానికీ తేడా తిరిగి వచ్చిన తరువాత తెలుస్తుంది. అరగంట నడిచి వచ్చి ఆ పట్టిక తెరవగలిగితే మీరు తేరుకున్నారు. ప్రతి రోజూ నడక మాత్రమే జరిగి పట్టిక తెరుచుకోకపోతే, మీరన్న మాటే నిజం.

ప్రశ్న: మంచం పట్టిన మా అమ్మగారిని ఒంటరిగా చూసుకుంటున్నాను. గడప దాటే వీలు లేదు. నాబోటివారికి ఏమి చెబుతారు?
– ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, మీకు పెద్ద సలహాలు చెప్పడం న్యాయం కాదు. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో 2015లో 150 మంది విద్యార్థులతో జరిగిన ఒక ప్రయోగంలో, పనిమధ్యలో పచ్చని మొక్కలున్న డాబా చిత్రాన్ని 40 సెకన్లు చూసినవారు, ఉత్త కాంక్రీటు డాబాను చూసినవారికంటే తరువాతి పనిలో తక్కువ పొరపాట్లు చేశారు. కిటికీలోంచి ఒక చెట్టుకొమ్మ కనిపిస్తే, అమ్మగారు కునుకు తీసినప్పుడు ఊపిరి నెమ్మదిగా వదులుతూ దానిని చూడండి. అయితే 40 సెకన్లు మీకు సరిపోవు. వారానికి ఒక పూట అమ్మగారి దగ్గర కూర్చోమని తోబుట్టువులనో దగ్గరివారినో పేరు పెట్టి, రోజు చెప్పి అడగండి. ‘ఎవరైనా సాయం చేస్తే బాగుండు’ అన్న మాట ఎవరికీ వినిపించదు. రెండు వారాలకు మించి ఏ పని మీదా ఇష్టం కలగకుండా, నిద్ర పట్టకుండా ఉంటే మాత్రం, అమ్మగారిని చూడడానికి వచ్చే వైద్యుడికే మీ సంగతి కూడా చెప్పండి.